ముసలెద్దుకి మేత దండగా? సీకే నాయుడు లెక్క చూద్దాం

ఐపీఎల్ వేలం వచ్చిందంటే మన ఊళ్లల్లో ఒకటే గొడవ. దెందులూరు సెంటర్లో టీ కొట్టు కాడ గానీ, ఏలూరు బస్టాండులో గానీ, గూడెం పోయే ప్యాసింజర్ బండిలో గానీ ఆ నాలుగు రోజులూ అదే మాట. ముప్పై ఆరేళ్లోడికి అన్ని కోట్లు ఎందుకండీ, రెండేళ్లు పోతే బ్యాటు ఎత్తలేడు అని ఒకళ్లంటారు. ఒంట్లో సత్తా తగ్గితే తగ్గింది గానీ తలకాయలో ఉన్నది ఎక్కడికి పోద్ది అని ఇంకొకళ్లంటారు. 2022 వేలంలో మన అంబటి రాయుడిని చెన్నై వాళ్లు 6 కోట్ల 75 లక్షలకి కొన్నారు. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు. మరుసటేడు చెన్నై కప్పు కొట్టిన ఫైనలే ఆయన చివరి ఐపీఎల్ మ్యాచ్. ఇంతకీ ఆ డబ్బు గిట్టుబాటు అయినట్టా, కానట్టా? ఎవరి లెక్క వాళ్లది.

అమెరికాలో ఈ గొడవ ఇంకా పెద్దది. అక్కడ బేస్‌బాల్ అని మన క్రికెట్‌కి దాయాది లాంటి ఆట ఉంది. అందులో ఆటగాళ్లకి ఏడేళ్లు, పదేళ్లు కాంట్రాక్టులు రాసిస్తారు. 2011 డిసెంబరులో ఆల్బర్ట్ పూహోల్స్ అనే కొట్టుడుగాడికి ఏంజెల్స్ జట్టు పదేళ్లకి 24 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అప్పటికి ఆయన 32లో పడబోతున్నాడు. ఏడాది ఏడాదికీ ఆట తగ్గుతూ వచ్చింది, జీతం మాత్రం తగ్గలేదు. పదో ఏడు పూర్తవకుండానే 2021 మే నెలలో ఆయన్ని పంపించేశారు. తీరా 2022లో పాత జట్టు సెయింట్ లూయిస్ తరఫున ఆడి, 42 ఏళ్ల వయసులో 700 హోమ్ రన్‌ల గీత దాటి మరీ దిగాడు. ముసలాటగాడికి దీర్ఘకాలం రాసివ్వడం తెలివా, తెలివితక్కువా అని అక్కడి లెక్కలోళ్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. సుమారు వందేళ్ల కిందట మన తెలుగోడి ఇంట్లోనే ఈ లెక్క ఒకటి నడిచింది. ఆ మనిషి పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి సీకే నాయుడు. ఇండియా మొదటి టెస్టు కెప్టెన్ అన్న ముక్క ఒక్కటే క్విజ్ పుస్తకాల్లో మిగిలింది. ఆయన్ని ఎవరు పోషించారు, ఎన్నేళ్లు పోషించారు, ముసలితనంలో ఆయన ఆ బాకీ ఎట్టా తీర్చాడు అన్నది ఎవరూ చెప్పరు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నాగపూర్ తెలుగు ఇల్లు

1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టాడు. ఇంటి మూలాలు బందరు వైపువని చెబుతారు. అంటే మన కొల్లేరు దాటితే వచ్చే ఊరే. తాతల కాలంలోనే ఎగువకి పోయి నాగపూర్‌లో వకీళ్లుగా, భూములున్నోళ్లుగా స్థిరపడిన కుటుంబం అది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండులో చదువుకున్నోడు. కాబట్టి కటిక పేదరికంలోంచి వచ్చాడని కథలు అల్లక్కర్లేదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజుల్లో ఆటకి జీతం లేదు. తిండికి లోటు లేనోడు సరదాకి ఆడాలి, లేపోతే ఏ రాజు గారో చేరదీయాలి. మూడో దారి లేదు.

1916లో బొంబాయి పోటీల్లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద పెద్ద ఆటలోకి దిగాడు. అప్పట్లో జట్లు కూడా మతాన్ని బట్టే. కుర్రాడికి 21 ఏళ్లు. జట్టు వికెట్లు టపటపా పడిపోయాక వచ్చాడు. మూడు బంతులు ఊరికే ఆపి, నాలుగోదాన్ని సిక్సర్ కొట్టాడు. ఆ ఒక్క దెబ్బ గురించి ఆయన బతికున్నన్నాళ్లూ చెప్పుకున్నారు.

ఇండోర్ కొలువు

1923లో ఇండోర్ నుంచి పిలుపొచ్చింది. అక్కడ హోల్కర్ల రాజ్యం. మహారాజు మూడో తుకోజీరావు. నాయుణ్ణి పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చి, యూనిఫాం తొడిగాడు. తర్వాత్తర్వాత కల్నల్ అయ్యాడు. కాగితం మీద అది సైన్యంలో ఉద్యోగం. అసలు పని ఆట. పూహోల్స్ కాంట్రాక్టులో లాగా ఇన్నేళ్లు, ఇంత డబ్బు అని గీత గీసింది కాదు. నువ్వు మా మనిషివి, మా ఊళ్లో ఉండు, ఆడు, నీ ఇల్లు గడిచే పూచీ మాది అన్న లెక్క. అప్పటికి ఆయనకి ఇంకా 28 నిండలేదు. మంచి వయసులో ఉన్నోణ్ణి ఎవరైనా తెచ్చుకుంటారు, అందులో గొప్పేముంది అంటారు గదా. ఆగండి, కథ అక్కడితో అవలేదు.

పిలిచిన మహారాజు మూడేళ్లు కూడా గద్దె మీద లేడు. బొంబాయిలో బావ్లా అనే వ్యాపారి హత్య కేసు ఇండోర్ దర్బారుకి చుట్టుకుంది. 1926 ఫిబ్రవరిలో తుకోజీరావు సింహాసనం వదులుకోవాల్సొచ్చింది. కొడుకు యశ్వంతరావు అప్పటికి పిల్లోడు. ఇట్టాంటప్పుడు ఏమవుద్దో మనకి తెలుసు. మన దగ్గర ఎమ్మెల్యే మారితేనే అంగన్‌వాడీ ఆయాల దగ్గర్నుంచి ఫీల్డ్ అసిస్టెంట్ల దాకా గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటారు. పాతోడు పెట్టిన మనిషిని కొత్తోడు ఉంచడు. ఇండోర్‌లో మాత్రం నాయుడి కొలువు నిలబడింది. సంతకం పెట్టినోడు పోయినా మాట పోలేదు. దీర్ఘకాలం ఒప్పందం అంటే మొదటి అర్థం అదే. ఇచ్చినోడి మూడ్ మీద, కుర్చీ మీద అది ఆధారపడకూడదు.

అదే 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో ఆర్థర్ గిల్లిగాన్ తెచ్చిన ఎంసీసీ జట్టు మీద నాయుడు 116 నిమిషాల్లో 153 కొట్టాడు. అందులో 11 సిక్సర్లు. తెల్లోళ్ల బౌలింగుని మనోడు ఇట్టా చితక్కొట్టొచ్చా అని జనం మొదటిసారి కళ్లారా చూశారు. ఇండియా వాళ్లకి టెస్టు ఆడే దమ్ముందన్న మాట గట్టిగా లేచింది అప్పుడే. మరో రెండేళ్లకి, 1928లో, క్రికెట్ బోర్డు పుట్టింది.

ముప్పై ఆరేళ్లకి మొదటి టెస్టు

1932లో ఇండియా మొదటి టెస్టు ఆడడానికి ఇంగ్లండు పోయింది. కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్‌గా లింబ్డీ రాకుమారుడు. ఆటొచ్చినోడికి కెప్టెన్సీ ఇవ్వాలన్న రూలు ఎక్కడా లేదు. పోర్‌బందర్ మహారాజుని మాత్రం మెచ్చుకోవాలి. తన ఆట ఏపాటిదో తనకి తెలుసు. అసలు మ్యాచ్ వచ్చేసరికి పక్కకి తప్పుకున్నాడు. లింబ్డీకి ఒంట్లో బాలేదు. అట్టా 1932 జూన్ 25న లార్డ్స్‌లో నాయుడు జట్టుని నడిపించుకుంటూ దిగాడు. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు. ఇప్పటి వేలం లెక్క ప్రకారం రిటైరవ్వాల్సిన వయసు.

చేతికి దెబ్బ తగిలి ఉండగానే మొదటి ఇన్నింగ్స్‌లో 40 కొట్టాడు. మన జట్టులో అదే ఎక్కువ. ఆ మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కానీ ఆ టూర్ మొత్తంలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు చూస్తే 1,618 పరుగులు, 65 వికెట్లు ఆయనవి. మరుసటేడు విజ్డెన్ అనే ఇంగ్లీషు క్రికెట్ గ్రంథం ఆ ఏటి మేటి ఐదుగురిలో ఆయన్ని చేర్చింది. ముప్పై ఆరేళ్లకి మొదటి టెస్టు ఆడినోడికి ముందున్న పదేళ్లూ ఎవరో ఒకరు అన్నం పెట్టి ఉండాలి గదా. ఆ పెట్టింది ఇండోర్. దేశం చేతికి తయారైన ఆటగాడు ఊరికే దొరికాడు.

విజ్జీ దెబ్బ

1936 టూర్ కథ మన తెలుగోళ్లకి కొంచెం సిగ్గుచేటుది. ఆ జట్టుకి కెప్టెన్ విజయనగరం మహారాజకుమారుడు, అందరూ విజ్జీ అనేవోళ్లు. డబ్బూ పలుకుబడీ పెట్టి కెప్టెన్సీ తెచ్చుకున్న మనిషి. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసింది 33 పరుగులు. పక్కనే నాయుడు ఉంటే తన లోటు కనపడుద్ది. జట్టు రెండు ముక్కలైంది. నాయుణ్ణి అవమానించినోళ్లకి విజ్జీ దగ్గర మర్యాద దొరికిందని కథలు కథలుగా చెప్పుకున్నారు. లాలా అమర్‌నాథ్ లాంటి ఆటగాణ్ణి మొదటి టెస్టుకి ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. తర్వాత విచారణ కమిటీ వేస్తే విజ్జీ కెప్టెన్సీ దండగన్న మాటే తేలింది.

ఇద్దరూ తెలుగోళ్లే. ఒకడికి సంస్థానం ఉంది, ఇంకొకడికి ఆట ఉంది. ఓవల్‌లో చివరి టెస్టు. గబ్బీ ఆలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా నాయుడు నిలబడి 81 కొట్టాడు. టెస్టుల్లో ఆయన చేసిన పెద్ద స్కోరు అదే, చివరి ఇన్నింగ్స్ కూడా అదే. అప్పటికి 40 ఏళ్లు. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు, 9 వికెట్లు. ఆ తర్వాత పదేళ్లు ఇండియాకి టెస్టులే లేవు. 1946లో మళ్లీ ఇంగ్లండు పోయేసరికి ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇక్కడ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. దేశం జట్టుతో ఆయనకి ఏ ఒప్పందమూ లేదు. ఏ ఏటికి ఆ ఏడు, ఎవరి దయ ఉంటే వాళ్లది. నలభై ఏళ్లకి ఆ లెక్క మూసేశారు. ఇండోర్ దగ్గర మాత్రం ఖాతా నడుస్తూనే ఉంది. ఆ రోజు ఎవరైనా ఆడిటర్ వచ్చి ఉంటే యశ్వంతరావుకి ఏం చెప్పేవోడు? అయ్యా, ఈయనకి నలభై దాటాయి, టెస్టులు లేవు, ఇంక ఈ జీతం దండగ, తీసేయండి అనేవోడు. తీసేసి ఉంటే ఇండోర్ ఏం పోగొట్టుకునేదో చూద్దాం.

యాభై ఏళ్లకి పండిన పంట

రంజీ ట్రోఫీ 1934లో మొదలైంది. హోల్కర్ పేరుతో సొంత జట్టు దిగింది 1941-42లో. అంటే నాయుణ్ణి ఇండోర్ తెచ్చుకుని 18 ఏళ్లయ్యాక. కెప్టెన్ వయసు 46. ఇప్పుడు లెక్క చూడండి. 1944-45 నుంచి 1952-53 దాకా తొమ్మిదేళ్లలో హోల్కర్ జట్టు ఎనిమిదిసార్లు ఫైనల్ ఆడింది. నాలుగుసార్లు, 1945-46, 1947-48, 1950-51, 1952-53ల్లో కప్పు పట్టుకుపోయింది. బొంబాయి, బరోడా లాంటి కొండల మీదికి ఎక్కి కూర్చుంది. మొదటి కప్పు నాటికి నాయుడికి 50, చివరి కప్పు నాటికి 57.

1945-46 సీజను చూడండి. సెమీఫైనల్లో మైసూరు మీద హోల్కర్ 8 వికెట్లకి 912 కొట్టి డిక్లేర్ చేసింది. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో ఆరుగురు సెంచరీలు కొట్టారు. ఆ ఆరుగురిలో కెప్టెన్ గారొకరు, 101. తర్వాత బరోడా మీద ఫైనల్లో ఆయన 200 కొట్టాడు. యాభై ఏళ్ల మనిషి, ఫైనల్లో, డబుల్ సెంచరీ. ఆ మ్యాచ్ హోల్కర్ 56 పరుగుల తేడాతో గెలిచింది. ఆ 200లో సగం తీసేసినా కప్పు బరోడాదే. 1923లో పెట్టిన పెట్టుబడికి 1946లో వచ్చిన వడ్డీ అది.

అట్టా అని అన్నీ గెలుపులే అనుకోకండి. దానికి ముందేడు ఫైనల్లో బొంబాయి చేతిలో 374 పరుగుల తేడాతో ఓడిపోయారు. ఆ మ్యాచ్‌లో సీకే తమ్ముడు సీఎస్ నాయుడు రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి 917 బంతులు వేశాడు. అన్నగారు కెప్టెన్ అయితే తమ్ముడి భుజం ఏమవుద్దో అదొక లెక్క. తర్వాతేడు, 1946-47 ఫైనల్లో, బరోడా వాళ్లు విజయ్ హజారే, గుల్ మహమ్మద్ ఇద్దరే కలిసి నాలుగో వికెట్‌కి 577 కొట్టారు. ఆ ఎండలో ఫీల్డింగ్ చేసిన జట్టు హోల్కర్. కెప్టెన్‌కి 51 ఏళ్లు. ఇన్నింగ్స్ పైన 409 పరుగుల తేడాతో చిత్తుగా ఓడిపోయారు. ముసలాయన్ని ఇంక మార్చండి అని ఆ సాయంత్రం ఎవరో ఒకరు అనకుండా ఉంటారా? కానీ మార్చలేదు. మరుసటేడే బొంబాయిని ఓడించి కప్పు మళ్లీ తెచ్చారు. ఒక్క ఏడు పంట పోయిందని మంచి రైతు చేను అమ్ముకోడు. ఒక్క ఏటి లెక్కతో ఆయన్ని తీసేసి ఉంటే తర్వాతి మూడు కప్పులూ ఎవరు తెచ్చేవోళ్లో తెలీదు.

డబ్బు దేనికి ఇచ్చినట్టు?

ఇప్పుడు అసలు ముక్కకి వద్దాం. యాభై దాటినోడి దగ్గర హోల్కర్ కొనుక్కున్నది ఏంటి? 200 ఒకసారి వచ్చింది. ప్రతేడూ రాదు. ఫస్ట్‌క్లాస్ ఆట మొత్తం మీద ఆయన 207 మ్యాచ్‌ల్లో 11,825 పరుగులు చేసి, 411 వికెట్లు తీశాడు. సగటు 36కి కాస్త తక్కువ. ఒట్టి సగటు చూసి జీతం ఇచ్చేటట్టయితే ఆయనకంటే మెరుగైనోళ్లు దొరుకుతారు.

కొనుక్కున్నది ఒక బడి. ఇండోర్ కుర్రాడు ముస్తాక్ అలీని చిన్నతనంలోనే గుర్తుపట్టి చేరదీసి ఆట నేర్పింది నాయుడే. ఆ ముస్తాక్ అలీయే 1936లో మాంచెస్టర్‌లో 112 కొట్టి, విదేశంలో టెస్టు సెంచరీ చేసిన మొదటి ఇండియన్ అయ్యాడు. సర్వటే, నింబాల్కర్, హీరాలాల్ గైక్వాడ్, జగ్దలే లాంటోళ్లు ఆయన కింద ఆడారు. 1946లో ఇంగ్లండు పోయిన జట్టులో ముస్తాక్, సర్వటే, సీఎస్ నాయుడు ముగ్గురూ హోల్కర్ వాళ్లే. పెద్దాయన్ని వదిలేశారు గానీ ఆయన తయారుచేసిన సరుకుని మాత్రం ఎత్తుకుపోయారు.

ఆ బడి సుతారంగా నడిచింది కాదు. ఆయనది మిలిటరీ పద్ధతి. దెబ్బ తగిలిందని రుద్దుకోవడం, ఆలస్యంగా రావడం, క్యాచ్ వదిలి నవ్వడం కుదిరేది కాదు. తనకీ అదే రూలు. 1951-52 ఫైనల్లో బొంబాయి బౌలర్ దత్తూ ఫడ్కర్ బంతి మూతికి తగిలి రెండు పళ్లు ఊడిపోయాయి. 56 ఏళ్ల మనిషి, మైదానం వదలకుండా మళ్లీ బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. ఇట్టాంటి మొండితనం ఈ రోజున నేను మెచ్చుకోను. పనిచేసే మనిషికి దెబ్బ తగిలితే వైద్యం చేయించాలి, అది హక్కు. కానీ ఆ డ్రెస్సింగ్ రూములో కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఆ రోజు ఏం నేర్చుకుని ఉంటారో ఏ స్కోరుబోర్డూ చెప్పదు.

సరుకు అమ్ముకునేవోళ్లు కూడా ఇది ముందే గ్రహించారు. 1941లో, ఆయనకి 45 దాటాక, బాత్‌గేట్ లివర్ టానిక్ అనే మందుకి ఆయన బొమ్మ వేసి ప్రకటన ఇచ్చారు. ఇండియాలో ఆటగాణ్ణి పెట్టి సరుకు అమ్మడం అదే మొదలంటారు. టెస్టులకి పనికిరాని మనిషి ముఖం టానిక్ సీసాకి పనికొచ్చింది.

డబ్బు ఎవరిది?

ఇంతవరకు చదివి రాజుల్ని పొగుడుతున్నానని అనుకోవద్దు. హోల్కర్ ఖజానాలో డబ్బు రాజు గారు చెమటోడ్చి తెచ్చింది కాదు. మాళ్వా రైతు కట్టిన శిస్తు అది. నాయుడి యూనిఫాం గుండీలు ఆ రైతు పత్తి చేలోంచి వచ్చినవే. ఆ రైతు కొడుక్కి ఆ మైదానంలో అడుగుపెట్టే దారి ఉందా అని అడగాలి. ఆ లెక్క చెప్పకుండా కప్పుల లెక్క ఒక్కటే చెప్తే సగం అబద్ధం చెప్పినట్టు.

ఇంకోటి. దయ మీద నిలబడిన ఏర్పాటు దయ ఉన్నంత కాలమే. 1948లో ఇండోర్ సంస్థానం మధ్యభారత్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత జట్టు ఇంకొన్నేళ్లు ఈడ్చింది. 1954-55 ఫైనల్లో సొంతూళ్లోనే మద్రాసు చేతిలో 46 పరుగుల తేడాతో ఓడిపోయాక హోల్కర్ అన్న పేరే రంజీలోంచి పోయింది. పదేళ్లు వరసగా దేశాన్ని ఆడించిన జట్టుకి ఆ గతి పట్టింది. ఆటగాడికి ఒప్పందం దొరికింది గానీ ఆటకి వ్యవస్థ దొరకలేదు. రాజు పోతే నిలబడేది రాసుకున్న కాగితం, దాని వెనకాల ఉన్న చట్టం. అప్పట్లో ఆ రెండూ లేవు.

ఆంధ్రకి వచ్చిన అరువు

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజనులోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగింది. చేతిలో అనుభవం లేదు, పేరున్నోళ్లు లేరు. ఆ మొదటి జట్టుకి కెప్టెన్‌గా వచ్చింది సీకే నాయుడు. 58 ఏళ్లు. తాతల ఊరు బందరు ఉన్న రాష్ట్రానికి ముసలితనంలో వచ్చి ఓ సీజను కాపు కాశాడు. మనకి ఆయన యవ్వనం దక్కలేదు, మధ్యవయసు దక్కలేదు. ఇండోర్ ముప్పై ఏళ్లు వాడుకోగా మిగిలిన చివరి గింజలు దక్కాయి. వాటిని కూడా మనం విత్తనాలుగా దాచుకోలేదు. ఆయన్ని ఇక్కడే ఉంచి, కుర్రాళ్లకి నేర్పమని ఓ పదేళ్లు రాసిచ్చి ఉంటే ఎట్టా ఉండేది? ముస్తాక్ అలీని తయారుచేసిన చెయ్యి అది.

ఆ తర్వాత 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకి కెప్టెన్‌గా ఆడాడు. 61 ఏళ్ల వయసులో తన చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 కొట్టాడు. 1956లోనే పద్మభూషణ్ వచ్చింది. సెలెక్టర్‌గా చేశాడు, బోర్డు ఉపాధ్యక్షుడిగా చేశాడు. 1963లో ఓ విరాళాల మ్యాచ్‌లో 68 ఏళ్లకి చివరిసారి ప్యాడ్లు కట్టాడు. మొదటి మ్యాచ్ 1916, చివరి మ్యాచ్ 1963. 1967 నవంబరు 14న ఇండోర్‌లోనే కన్నుమూశాడు. ఆయన పోయాక, 1994లో, బోర్డు ఆయన పేరు మీద జీవిత సాఫల్య పురస్కారం పెట్టింది.

మన లెక్క

ముసలాటగాడికి దీర్ఘకాలం రాసివ్వడం గిట్టుబాటు అవుద్దా అంటే నాయుడి బతుకు చూసి నాకు అర్థమైంది ఇది. అతని బ్యాటుని మాత్రమే కొనుక్కుంటే గిట్టదు. ఏంజెల్స్ వాళ్లు పూహోల్స్ దగ్గర కొన్నది హోమ్ రన్‌లు, అవి తగ్గాయి, గోల పెట్టారు. హోల్కర్ వాళ్లు మనిషిని మొత్తం తెచ్చుకున్నారు. కొట్టినన్నాళ్లు కొట్టాడు, కొట్టలేనప్పుడు నడిపించాడు, నడిపిస్తూ నేర్పాడు. పెట్టినోళ్లకి ఓపిక ఉంది. ఆ ఓపిక వల్లే యాభై ఏళ్ల మనిషి నాలుగు కప్పులు తెచ్చాడు.

ఇప్పుడు మన ఊళ్లకి రండి. వెనకటికి పాలేరుని ఏడాది జీతానికి పెట్టుకునేవోళ్లు. నడుం వంగిన ఏడు లెక్క చూసి పంపేసేవోళ్లు. ఏ దుక్కి ఎప్పుడు దున్నాలో, ఏ ఎద్దు ఏ పక్క కట్టాలో ఆయనకి తెలిసినంత కామందుకి తెలీదు. ఆ తెలివికి జీతం లేదు, నడుముకే జీతం. ఇప్పుడు కామందు పేరు మారి ఏజెన్సీ అయ్యింది. పాఠాలు చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్, పిల్లలకి ఆట నేర్పే కోచ్, కొల్లేరు చెరువుల మీద నీళ్ల రంగు చూసి చేప రోగం చెప్పగలిగే మనిషి, వీళ్లలో ఎంతమందికి వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందన్న ధీమా ఉంది? 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మన రాష్ట్ర ఉద్యోగులకి పాత పింఛను తీసేశారు. విచిత్రం చూడండి, బీసీసీఐ మాజీ ఆటగాళ్లకి నెలనెలా పింఛను మొదలుపెట్టింది కూడా ఆ ఏడే. ఆటగాళ్లకి వచ్చినందుకు నాకు కడుపుమంట లేదు. అది రావాల్సిందే. కానీ అది అందరికీ రావాలి.

కాబట్టి నేను అడిగేది మూడు ముక్కలు. ఒకటి, నేర్పే పనికి విడిగా జీతం రాయండి, ఒంటి సత్తా తగ్గిన రోజున ఆ పద్దు అక్కరకొస్తుంది. రెండు, కాంట్రాక్ట్ ఏడాదికేడాది కాకుండా కనీసం ఐదేళ్లకి ఉండాలి, సంతకం పెట్టిన ఆఫీసరు బదిలీ అయినా అది చెల్లాలి. మూడు, ఆ తర్వాత పింఛను. ఇది ఏ రాజు గారి దయా కాకూడదు, కాగితం మీద హక్కు కావాలి.

మన జిల్లా స్కూలు మైదానాల్లో ఇప్పుడు యాభై దాటిన పాత కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆటగాళ్లు ఎంతోమంది ఖాళీగా కూర్చుని ఉన్నారు. సంక్రాంతి టోర్నమెంటుకి రిబ్బన్ కత్తిరించమని పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఇంటికి పంపేస్తాం. ఈసారి శాలువా బదులు ఐదేళ్ల అపాయింట్‌మెంట్ ఆర్డరు చేతిలో పెట్టి చూడండి. కప్పు రావడానికి పదేళ్లు పట్టొచ్చు. ఇండోర్‌కి ఇరవై మూడేళ్లు పట్టింది.